రొయ్యల వినాయకుడి ఇల్లు

ఏలూరులో మా ఇల్లు అమ్ముదామన్న మాట మా ఆయన నోటి వెంట వచ్చిన వారంలోనే వంటింటి కుళాయి కారడం మానేసింది. ఇల్లు కొన్న కొత్తల్లో మొదలైన కారుడు అది. దాని కింద పెట్టిన గిన్నెలు సొట్టలు పడి మారాయి గానీ కుళాయి మారలేదు. ఎప్పుడడిగినా పేపరు వెనక నుంచి "చూద్దాంలే" అని వినిపించేది. అలాంటిది, ఒకరోజు పొద్దున్నే ప్లంబరు వచ్చి కొత్తది బిగించి వెళ్ళిపోయాడు.

"ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు ముందు కుళాయిలే తిప్పి చూస్తారు, తెలుసా?" అన్నారాయన. ఇన్నేళ్ళూ దాన్ని తిప్పింది పక్కింటావిడైనట్టు.

ఆ తర్వాత గడియ పడని స్నానాలగది తలుపుకి గడియ పడింది. హాల్లో మూలిగే ఫ్యాను మూలగడం మానేసింది. వంటింట్లో కిటికీ పెట్టించమని నేను అడిగీ అడిగీ ఊరుకున్న గోడకి కిటికీ కూడా వచ్చింది. దానికి దోమల జాలీ, మళ్ళీ దానికో రంగు! ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి చూసి తల ఊపడానికి ఇన్ని హంగులు. రోజూ ఆ గోడ దగ్గర నిలబడి చెమటలు కక్కుతూ వండిన మనిషికి మాత్రం "చూద్దాంలే". ఒళ్ళు మండిపోయింది నాకు. అయినా నోరు కట్టేసుకున్నాను. ఎందుకంటే ఆ ఇల్లు అమ్ముడుపోవడం అందరికన్నా నాకే కావాలి.

నేను పెంటపాడు హైస్కూల్లో తెలుగు టీచర్ని. పొద్దున్నే ఏలూరులో పాసింజరెక్కి, గూడెంలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో పెంటపాడు. సాయంత్రం మళ్ళీ అదే దారి వెనక్కి. భీమడోలులో చేపల గంపలెక్కుతాయి. ఆ గంపలకున్న చోటు మనుషులకుండదు. నా చీర కుచ్చిళ్ళకి కొల్లేటి వాసన ఎంతగా పట్టేసిందంటే, నేను వరండా మలుపు తిరక్కముందే క్లాసులో పిల్లలు సర్దుకుని కూర్చునేవారు. మోకాళ్ళు అరిగాయని డాక్టరు చెప్పాక, నిలబడి చేసే ఆ ప్రయాణం తలుచుకుంటే ఏడుపొచ్చేది. నిజంగానే ఏడ్చేదాన్ని, పూళ్ళ స్టేషను దాటాక, కిటికీ వైపు తిరిగి.

గూడెంలో ఒక ఫ్లాటు చూసుకున్నాం. లిఫ్టు ఉంది, తూర్పుకి చిన్న బాల్కనీ ఉంది. కింద నిలబడితే చాలు, పెంటపాడు ఆటో ఆగుతుంది. ఏలూరు ఇల్లు అమ్మితేనే అది కొనగలం. "కొన్నాళ్ళు ఆగుతానండీ, మరీ ఎక్కువ ఆగలేనండీ" అని కట్టినాయన మర్యాదగా చెప్పాడు. ఆ బాల్కనీలో ఏ మూల కుర్చీ వేసుకోవాలో కూడా నేను అనుకుని పెట్టుకున్నాను.

మా ఇంటికి ఒక్కటే లోపం. ఎదురుగా ఉన్న వీధి తిన్నగా వచ్చి మా గేటుకి తగిలి ఆగిపోతుంది. వీధిపోటంటారు. అలాంటి ఇల్లు కొన్నవాడు బాగుపడడని మావైపు గట్టి నమ్మకం. ఆ నమ్మకం వల్లే అది మాకు చవగ్గా వచ్చింది. మా ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. "పొడవడానికి రోడ్డేమన్నా ఎద్దా?" అని నవ్వి మరీ కొన్నారు. ఆ మాటని ఏలూరంతా తిప్పి తిప్పి చెప్పుకున్నారు కూడా.

మొదట పెదపాడు నుంచి భార్యాభర్తలొచ్చారు. పొలాలున్నవాళ్ళు, పిల్లల చదువులకి టౌన్లో ఇల్లు కావాలిట. ఆవిడ కుళాయి తిప్పింది. (మా ఆయన నా వైపు గర్వంగా చూశారు.) కిటికీ తెరిచి చూసింది. "గాలీ వెలుతురూ బాగున్నాయండీ" అంది. నా గుండె ఫ్లాటు బాల్కనీలోకి వెళ్ళి కూర్చుంది. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర చెప్పులేసుకుంటూ ఆవిడ తలెత్తింది.

"ఏవండీ, ఇది వీధిపోటు కదండీ?"

ఆయన రోడ్డు వైపు చూశాడు, ఇంటి వైపు చూశాడు, రెండో చెప్పు గబగబా తొడుక్కున్నాడు. "మళ్ళీ కబురు చేస్తామండీ" అన్నాడు. మావైపు మొహం మీద వద్దని ఎవరూ అనరు. మళ్ళీ కబురు చేస్తామండీ అంటే అర్థం అదే.

ఇల్లు చూపించే బ్రోకరు తల గోక్కుని ఒక ఉపాయం చెప్పాడు. "మేస్టారూ, ప్రహరీ గోడకి చిన్న గూడు కట్టించి వినాయకుణ్ణి పెట్టించెయ్యండి. వీధిపోటు సంగతి ఆయనే చూసుకుంటాడండీ. అందరూ చేసేదేనండి."

ఫిజిక్సు మేస్టారు ఎగిరిపడతారనుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "సున్నం వేయించాం, రంగు వేయించాం. ఇదీ ఓ రంగే అనుకుందాం" అన్నారు. బజారుకెళ్ళి బేరమాడి మూరెడు నల్లరాతి వినాయకుణ్ణి పట్టుకొచ్చారు. పంతులుగారిని పిలుద్దామంటే, "సిమెంటు పెట్టడానికి తాపీమేస్త్రీ చాలు" అన్నారు. రోడ్డు వైపు మొహం పెట్టి మేస్త్రీ స్వామిని గోడలో బిగించేశాడు. గూడు చుట్టూ టైల్సు ముక్కలు కూడా అతికించాడు.

మర్నాడు సాయంత్రానికి ఎదురింటి పిన్నిగారు దీపం పెట్టింది. "దీపం లేని దేవుణ్ణి చూస్తే నా మనసు ఊరుకోదే అమ్మాయ్" అంది. పోనీలే అనుకున్నాం. అక్కడే కొంప మునిగింది.

కైకలూరు వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన, ఆ వీధిలో చుట్టాలింటికొచ్చి, వెళ్తూ వెళ్తూ మా వినాయకుడికి దణ్ణం పెట్టుకున్నాట్ట. ఆ పంటకి చుట్టుపక్కల చెరువులన్నిట్లో రొయ్యలు తెగులొచ్చి తేలిపోయాయి, ఈయనవి మాత్రం నిలబడ్డాయి. అంతే! మంగళవారం పొద్దున్నే ఆటో నిండా కొబ్బరికాయలతో దిగాడు. మా గేటు ముందు అవన్నీ కొట్టేసరికి కాలవలో కొబ్బరినీళ్ళు పారాయి. ఆ మంగళవారం ఒక్కడు, పై మంగళవారం నలుగురు, ఆ తర్వాత నేను లెక్క చూడలేదు. చెరువులో సీడు, అదే రొయ్యపిల్లల్ని, వేసేముందు ఒకరు, పెరిగినవాటిని పట్టే పట్టుబడికి ముందు ఒకరు. కొందరైతే కొత్త మేత బస్తా తెచ్చి ముందు స్వామికి చూపించి, తర్వాత చెరువుకి తీసుకెళ్ళేవారు. ఆ బస్తాలు మా గోడకి ఆనించి పెట్టేవారు. రైలు దిగి ఇంటికొస్తే ఇంట్లోనూ అదే కంపు! ఉండ్రాళ్ళు తినే స్వామికి ఊరు ఊరంతా కలిసి రొయ్యల వినాయకుడని పేరు పెట్టేశారు.

ఈ సందట్లోనే రెండో బేరం వచ్చింది. వాళ్ళు తెలివైనవాళ్ళు, వాస్తు సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన రోడ్డు చూసి, వినాయకుణ్ణి చూసి, "పోటు దోషం పోయిందండీ" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆయన గేటు లోపలికొచ్చి గోడకి ఇవతలి పక్క నిలబడి నాలిక కరుచుకున్నాడు.

"స్వామి వీపు ఇంటి వైపుంది కదండీ! వినాయకుడి వీపున దరిద్రదేవత ఉంటుందండీ. ఈ ఇంట్లో పైసా నిలవదండీ."

వచ్చినవాళ్ళు కాఫీ కూడా తాగకుండా కబురు చేస్తామన్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రోడ్డు వైపు తిప్పితే ఇంటికి దరిద్రం, ఇంటి వైపు తిప్పితే రోడ్డు పోటు. "తీసి పారేయించండి దాన్ని" అని అరిచాను. "ఏమ్మా, చెరువులవాళ్ళు మనల్ని బతకనిస్తారా?" అన్నాడు బ్రోకరు. వాడి దగ్గర మందు లేని రోగం లేదు. వీపుకి వీపు ఆనించి లోపలి వైపు ఇంకో వినాయకుణ్ణి పెట్టించాడు. ఇప్పుడు ఏ వైపు చూసినా స్వామి మొహమే. ఆ వారం నుంచి జనం బయట స్వామిని చూసి, "లోపలి స్వామిని కూడా ఓసారి చూసుకుంటామండీ" అని మా వాకిట్లోకే రావడం మొదలెట్టారు. నేను జుట్టు ముడేసుకుంటూ బయటికొస్తే ఎవరో ఒకాయన తులసికోట పక్కన కళ్ళు మూసుకుని నిలబడి ఉండేవాడు.

అన్నిటికన్నా పెద్ద మార్పు మా ఆయనలో వచ్చింది. రిటైరయ్యాక ఆయన్ని పలకరించేది పాలవాడూ నేనూ మాత్రమే. ఇప్పుడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే, పెద్ద పెద్ద కార్లు దిగినవాళ్ళు చేతులు కట్టుకుని "ధర్మకర్తగారూ" అంటున్నారు. ప్యాంటు పోయి పంచె వచ్చింది. నుదుటిమీదికి గంధం వచ్చింది. ఒకరోజు నా చెవులతో నేనే విన్నాను.

"ఎప్పుడు సీడు వెయ్యమంటారండీ?" అని ఎవరో అడిగారు.

"బుధవారం వెయ్యండి. తిరుగుండదు" అన్నారీయన.

బతికున్న రొయ్య ఎలా ఉంటుందో తెలియని మనిషి! మేం ఉల్లిపాయ కూడా వారానికోసారి తినే ఇల్లు. కానీ నిజం చెప్పాలి, ఆ కుర్చీలో ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూస్తే నాకు భయం వేసింది.

భయపడినట్టే అయింది. మొదటి కొబ్బరికాయల కైకలూరాయనే ఒక సాయంత్రం వచ్చాడు. పళ్ళూ తాంబూలం పెట్టి, "మేస్టారూ, ఈ ఇల్లు నాకిచ్చెయ్యండి. మీరడిగిందే ఇస్తానండి. పోటూ వద్దు, వీపూ వద్దు, నాకేం పట్టింపుల్లేవండి. స్వామి ఉన్నాడు, చాలు" అన్నాడు. ఇన్నాళ్ళకి మోకాళ్ళ నొప్పి మర్చిపోయి పరుగున వెళ్ళి కాఫీ పెట్టాను. కొత్త కుళాయి తిప్పాను. గూడెం బాల్కనీ, కుర్చీ, అన్నీ కళ్ళముందుకొచ్చాయి.

గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి మా ఆయన అంటున్నారు. "దేవుడున్న ఇల్లు ఎలా అమ్ముతాం బాబూ? అమ్మే ఉద్దేశం లేదిప్పుడు."

కైకలూరాయన వెళ్ళేదాకా ఆగాను. వెళ్ళాక ఆగలేదు.

"దేవుణ్ణి కొన్నదే ఇల్లమ్మడానికి కదండీ?"

"అప్పటి సంగతి వేరు."

"రంగన్నారు కదండీ? ఇదీ ఓ రంగే అన్నారు కదండీ!"

"మనం వెళ్ళిపోతే దీపం ఎవరు పెడతారు చెప్పు?"

"ఎదురింటి పిన్నిగారు పెడుతుంది. ఇప్పుడు పెడుతున్నది ఆవిడే. మీరు కుర్చీ వేస్తున్నారు, అంతే. మరి నా మోకాళ్ళ సంగతి?"

ఆయన నా మోకాళ్ళ వైపు చూడలేదు. గోడలో ఉన్న స్వామి వైపు చూసి, "చూద్దాంలే" అన్నారు.

ఆ మాట దగ్గరే నాలో ఏదో తెగిపోయింది. కోపం కూడా కాదది. ఇన్నేళ్ళూ కారిన కుళాయి చప్పుడు ఒక్కసారిగా చెవుల్లో వినిపించింది.

ఫ్లాటు వేరేవాళ్ళు కొనుక్కున్నారు. ఆ వార్త తెలిసిన వారంలోనే నేను గూడెంలో ఒక వాటా అద్దెకి చూసుకున్నాను. పాత పెంకుటిల్లు, ముందు గది, వెనక వంటిల్లు. ఇంటావిడ పెద్దావిడ, మంచి మనిషి.

"తర్వాత చెప్పలేదనకమ్మా, ఇల్లు వీధిపోటు. అందుకే అద్దె తక్కువ."

నేను గోడ అంతా పరకాయించి చూశాను. "దేవుడెవరూ లేరు కదండీ ఇక్కడ?"

"లేరమ్మా. కావాలంటే చిన్న వినాయకుణ్ణి..."

"వద్దండీ బాబూ! ఆ పోటేదో నేనే పడతాను" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, అయినా తాళం చేతిలో పెట్టింది.

ఇప్పుడు నేను కంటినిండా నిద్రపోయి, తీరిగ్గా కాఫీ తాగి బడికి వెళ్తున్నాను. నా చీరకి సబ్బు వాసన తప్ప ఇంకే వాసనా లేదు. ఆటో ఆ అపార్టుమెంటు ముందు నుంచే వెళ్తుంది. నేను అనుకున్న బాల్కనీలో ఎవరివో బట్టలు ఆరుతుంటాయి. మొదట్లో అటు చూసేదాన్ని కాదు. ఇప్పుడు చూస్తున్నాను, నొప్పి లేదని మాత్రం అనలేను.

మంగళవారాలు తీరిక దొరకదు కాబట్టి మా ఆయన ఆదివారాలొస్తారు. మొదటి ఆదివారం గేటు దగ్గర ఆగి, తిన్నగా వచ్చి ఇంటికి తగులుతున్న రోడ్డుని వెనక్కి తిరిగి చూశారు. ఏదో అనబోయి నా మొహం చూసి మానేశారు. చేతిసంచీ నిండా కొబ్బరిచెక్కలు. చొక్కా నిండా కొల్లేటి వాసన.

"సీటు దొరికిందాండీ?" అన్నాను.

"ఎక్కడ? భీమడోలులో గంపలెక్కాయి. గూడెం దాకా నిలబడే వచ్చాను." కుర్చీలో కూలబడి మోకాళ్ళు రాసుకున్నారు.

జాలేసింది. వేడిగా కాఫీ ఇచ్చాను. లోపల్నుంచి టప్పు టప్పుమని చప్పుడు. ఆయన చెవి అటు పెట్టారు.

"వంటింట్లో కుళాయి కారుతున్నట్టుందే?"

"కారుతోందండీ, నేను దిగినప్పట్నుంచీ."

"ప్లంబర్ని పిలిపించకపోయావా? రాత్రిళ్ళు నిద్దరెలా పడుతుంది నీకు?"

నేను ఆయన చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని లేచాను.

"చూద్దాంలెండి" అన్నాను.