పసుపు రాసుకున్న తల్లిచేప

చెల్లెలికి రెండో కాన్పయింది. బాలింత పసుపు వాసనకి రేపల్లెలో అమ్మమ్మగారిల్లు, మావయ్య అక్వేరియంలో పెంచిన బుల్లి సిక్లిడ్ చేపలు గుర్తొచ్చాయి.

ఇదే చెల్లెలు పుట్టినప్పుడు, పురుడని నన్ను అమ్మ గదిలోకి రానివ్వలేదు. రోజంతా ఆ చేపల ముందే కూర్చునేదాన్ని. పిల్లల్ని పెట్టిన చేప పసుప్పచ్చగా మెరుస్తోంది.

"దీనికీ అమ్మమ్మే పసుపు రాసిందా మావయ్యా?"

"పిల్లల్ని కాసేటప్పుడు దానికదే ఆ రంగొస్తుందే."

ఇంతలో దూరంగా పోయిన పిల్లని తల్లి గుటుక్కున నోట్లో వేసుకుంది. తినేసిందని ఏడ్చాను.

"తినలేదే పిచ్చిపిల్లా, చూడు."

తల్లిచేప అడుగున గూడులా బోర్లించిన కొబ్బరిచిప్ప దగ్గరికెళ్లి, నోట్లోని పిల్లని మిగతా పిల్లల మధ్య మెల్లగా వదిలింది.

ఆ సాయంత్రం అమ్మ గది గుమ్మం ముందు నిలబడ్డాను, నన్నూ అలా తీసుకెళ్తుందని.

ఇప్పుడు అలాంటి గుమ్మంలోనే చెల్లెలి పెద్దపిల్ల నిలబడి ఉంది. ఎవరినీ అడక్కుండా చంకనెత్తుకుని, వాళ్లమ్మ పక్కలో మెల్లగా వదిలాను.