నాలిక మీద చుక్క

తాతల కాలం నుంచి జనం ఆ ఎడారి గ్రహాన్ని కొద్దికొద్దిగా మచ్చిక చేసుకుంటున్నారు. అక్కడ నీటి పైపులు బాగుచేసే పెద్దాయన మెడ, లీకుల కోసం నేలకేసి చూసి చూసి వంగిపోయింది. ఎక్కడ చుక్క కనిపించినా వేలితో అద్ది నాలికకు రాసుకుంటాడు. తుప్పు రుచి తగిలితే పాత పైపు, ఉప్పగా ఉంటే బావి పైపు. చుక్క వృథాగా పోతే ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది.

మొన్న కూతురితో బజారులో నడుస్తుంటే మెడ మీద చుక్క పడింది. "ఎవడ్రా పైన? వాల్వు కట్టెయ్!" అని కేకేసి తలెత్తాడు. పైన పైపు లేదు, కప్పు లేదు. ఆ గ్రహం ఎన్నడూ ఎరగని నల్ల మబ్బొకటి వేలాడుతోంది. మెడ తుడుచుకున్న వేలు చప్పరించాడు. మళ్లీ చప్పరించాడు.

"ఏ పైపుది నాన్నా?" అంది కూతురు.

పెద్దాయన చేతిలోని పానాను మెల్లగా సంచిలో పెట్టేశాడు.

"తెలీట్లేదమ్మా," అన్నాడు, నాలిక చాపబోతూ. "కారనీ."