పాతపట్నం నుంచి కళింగపట్నానికి, పదిహేనంగుళాల చక్రాల మీద

మా అక్క సముద్రాన్ని చూసి మూడేళ్లయింది. నేను కారు మార్చడానికీ, ఈ ప్రయాణానికీ కారణం అదొక్కటే. కళింగపట్నంలో చేపలు పట్టే ఇంట పుట్టిన అక్కను పద్దెనిమిదో ఏట పాతపట్నంలో ఎండుచేపలు అమ్మే ఇంటికి కోడలిగా పంపారు. ఆ ఇంటికి సముద్రం గోనెసంచుల్లో, వాసనగా మాత్రమే చేరుతుంది. అయినా ఏటా రెండుసార్లు బస్సెక్కి వచ్చి అలలు చూసుకుని వెళ్లేది. మూడేళ్ల క్రితం మెట్ల మీద జారిపడింది. నడుము ఎముక చిట్లింది. మెల్లగా నడవగలుగుతోంది కాని, కుదుపు తగిలితే విలవిలలాడిపోతుంది. నిరుడు నా పాత కారులో బయలుదేరి, ఆరు కిలోమీటర్లు దాటకుండానే వెనక్కి తిప్పించింది. తరువాత ఒకసారి నేనే సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకెళ్లాను. మూత తీసి చెవి దగ్గర పెట్టుకుని, “ఇవి ఉప్పునీళ్లేరా తమ్ముడా. సప్పుడేదీ?” అంది. ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేసిన నేను సీసాకు మూత బిగించి సంచిలో పెట్టేశాను.

విజయనగరంలోని ఒక షోరూములో కుర్చీ వేసి కూర్చోబెట్టిన ఉద్యోగి పదహారంగుళాల అల్లాయ్ చక్రాల కారు చూపించాడు. “ఇది తీసుకోండి మేస్టారూ, బండికి లుక్కొస్తాది” అన్నాడు. “లుక్కు రోడ్డు మీద నిలబడి చూసేవారికి నాయనా. లోపల కూర్చున్న నడుముకు ఏమి వస్తుంది?” అని అడిగాను. అతడు నవ్వి, అదే కారును పదిహేనంగుళాల చక్రాలతో కూడా తెప్పించాడు. రెండింటినీ ఒకే గతుకుల దారిలో నడిపి చూశాను. చక్రం మొత్తం ఎత్తు దాదాపు ఒకటే. లోపలి లోహపు చట్రం పెద్దదయ్యేకొద్దీ దాని చుట్టూ ఉన్న రబ్బరు గోడ పొట్టిదవుతుంది. గుంత దెబ్బను ముందుగా తినేది ఆ గోడే. టైరు మీద వరుసగా ఉండే అంకెల్లో రెండవది ఆ గోడ ఎత్తు టైరు వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. ఇన్ని తెలుసుకుని పదిహేనునే ఎంచుకున్నాను. నా ఎంపిక మీద నాకు గర్వంగానే ఉండింది.

కారు చేతికి వచ్చిన మూడవనాడు మధ్యాహ్నం రెండింటికి విజయనగరంలోని మా ఇంటి నుంచి బయలుదేరాను. నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి, శ్రీకాకుళం దాటి, నరసన్నపేటలో పాతపట్నం దారికి మళ్లాను. టీకి ఆగిన సమయంతో కలిపి మూడున్నర గంటలు పట్టింది. నరసన్నపేట తరువాత అతుకులు వేసిన చోటల్లా చక్రాలు ఠపఠపమన్నాయి. తప్పు రోడ్డుదేనని నిస్సందేహంగా నిర్ణయించుకున్నాను.

మరునాడు ఉదయం అయిదున్నరకు అక్క పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, రెండు దిండ్లతో ముందు సీట్లో కూర్చుంది. “పల్లకీలాగున్నాదిరా!” అని మురిసిపోయింది. ఎనిమిది కిలోమీటర్లు వెళ్లేసరికి ఆమె చేయి తలుపు పిడిని బిగించి పట్టుకుంది. పెదవులు తెల్లబడ్డాయి. “ఆపరా తమ్ముడా. నాకింక రాసిపెట్టి నేదు. తిప్పీ” అంది. తిప్పితే ఇంకెప్పుడూ బయలుదేరదని నాకు తెలుసు. దారిపక్కన టీ కొట్టు కనిపిస్తే ఆపి, సీటు వెనక్కి వాల్చాను.

అక్కడ పాతపట్నం సంతకు చేపలూ ఐసూ తీసుకువెళ్తున్న వ్యాను ఆగి ఉంది. దాని డ్రైవరు, నలభై ఏళ్ల మనిషి, గ్లాసు పట్టుకుని మా కారు చుట్టూ తిరిగాడు.

“అమ్మకేటయ్యింది మేస్టారూ?”

చెప్పాను. చక్రాల కొలతలు కూడా చెప్పాను.

“కొలతలకేటి, బాగానే ఉన్నాయి. గాలెంత?”

చూడలేదన్నాను. వ్యానులోంచి గాలి కొలిచే మీటరు తెచ్చి పెట్టాడు. నలభై నాలుగు! మా కారులో డ్రైవరు వైపు తలుపు తెరిచి, దాని అంచున అంటించిన కాగితం చూపించాడు. అందులో ఉన్నది ముప్పై మూడు.

“గాలెక్కువైతే టైరు రాయైపోతాది, కుదుపంతా నడుముకే. కొత్త బళ్లు లారీ ఎక్కించినప్పుడు ఎక్కువ కొడతారండి. ఇచ్చినప్పుడు తగ్గించాల, మర్సిపోనారు. ఇంత సదువుకున్నోరు, తలుపు మీద రాసిందే సూడనేదా?”

అక్క నొప్పిలోనే నవ్వింది. “మావోడు ఊరందరి తప్పులూ దిద్దుతాడు బాబూ. తనది తప్ప!”

“ముందు టీ తాగండి. టైర్లు సల్లారితే లెక్క సరిగ్గా వస్తాది” అన్నాడతడు. పదేసి రూపాయల టీలు మూడు తెప్పించాను. అరగంట ఆగి, నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించి, మళ్లీ కొలిచాడు. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “ఎళ్లి సముద్రానికి సెప్పండి, సేపలు మంచివి పంపమని” అన్నాడు.

“కిలోమీటరు చూద్దాం అక్కా. నొప్పి పెడితే తప్పక తిప్పుతాను” అన్నాను. కిలోమీటరు దాటింది. అయిదు దాటాయి. పిడి మీద చేయి మెల్లగా ఒడిలోకి వచ్చింది. నరసన్నపేట దగ్గర, “ఇంకా ఎంతరా?” అని అడిగింది. తిప్పమన్న గొంతు కాదది. మడపాం వంతెన మీద వంశధారను చూసి, “ఇదీ అక్కడికే ఎళ్తన్నాది” అంది. గంటకు నలభై దాటకుండా, శ్రీకాకుళం మీదుగా కళింగపట్నం చేరేసరికి పది అయింది.

ఇసుక మొదలయ్యే చోట రోడ్డు ఆగుతుంది. ఆ ఇసుకలో అక్క నడవలేదు. కారును సముద్రం వైపు నిలిపి, తలుపు తీశాను. ఆమె పాదాలు బయటపెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు వింది. “అమ్మ ఇక్కడే నిలబడి తెప్పల కోసం సూసీది” అంది. నడుముకు ఆనుడు లేకుండా కూర్చోవడానికి డాక్టరు ఇచ్చిన నలభై నిమిషాలు గడిచాక, వెళ్దామన్నాను. “ఇంకొక్క కెరటం రానీరా” అంది. అది వచ్చింది. “ఇంకొక్కటి” అంది. నేను గడియారం చూడడం మానేశాను.

తిరిగి వచ్చినప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఆమెకూ ఆ అలలకూ మధ్య ఉన్నవి తొంభై కిలోమీటర్లేగా, ఎప్పుడైనా వెళ్లవచ్చులే అనుకుని, ఎన్ని నెలలు ఊరికే పోనిచ్చానో! ఇటువంటి ప్రయాణం తలపెట్టిన పాఠకులకు ఒక్క మాట: చిన్న చక్రాలను ఎంచుకోండి, కాని కారు చేతికి రాగానే, అది కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గరి అంకె చూసి గాలి సరిచేయించండి. నాకు గుర్తుచేసేవారు ఉన్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారమూ పాతపట్నం నుంచి ఫోను వస్తుంది. బాగున్నావా అన్న మాట కూడా ఉండదు.

“గాలి సూసేవా?”