నంబరు లేని శవం

ఆ జాంబీ సీరియల్ ఒక్క సీజన్లో గడియారమక్క ముప్పై నాలుగుసార్లు చచ్చింది. గొడ్డలి దెబ్బకు నాలుగుసార్లు, తుపాకీ గుండుకు బోలెడన్నిసార్లు, ఒకసారి పాలవ్యాను కింద పడి. పైన ప్రాణాల చిట్టా రాసేవాడికి ఆమె పేరు దగ్గర దిద్ది దిద్ది కాగితం చిరిగిపోయి ఉంటుంది. ఇన్ని చావులు చచ్చీ సాయంత్రం ఆరున్నర బస్సు ఏనాడూ తప్పిపోనివ్వలేదు.

ఆ పేరు ఆమెకు నడక వల్ల వచ్చింది. ఎడమ కాలు టిక్కుమని ముందు పడుతుంది. కుడి కాలు కాసేపు ఆలోచించి, బతిమాలించుకుని, నేల మీద ఈడ్చుకుంటూ టక్కుమని వచ్చి కలుస్తుంది. పదకొండేళ్ళుగా ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని. ఒకరోజు తడి దుప్పట్లతో నిండిన ట్రాలీ వాలులో జారి ఆమె మడమ మీదుగా పోయింది. ఎముక అతుక్కుంది గానీ తన ఇష్టమొచ్చిన దిక్కుకు అతుక్కుంది. ఆ కాలు మెట్లెక్కే చప్పుడు వింటే మూడో అంతస్తులో పొంగబోయే పాలు కూడా భయపడి కిందికి దిగిపోయేవని పక్కవాటా ఆవిడ చెప్పేది. అందులో సగమైనా నిజం ఉంటుంది.

సీరియల్‌కు ఆమె వెళ్ళింది నటించడానికి కాదు, పోట్లాడడానికి. అందులో శవాల వేషం వేసేవాళ్ళ బట్టలు ఆ లాండ్రీకే వచ్చేవి. పంచదార పాకంలో రంగు కలిపి చేసిన నెత్తురు ఎండిపోయి, మిషన్ల లోపల రాయిలా గట్టిపడేది. యజమాని నోట్లో వేలు పెట్టినా కొరకని మనిషి. ఇక ఈయనతో అయ్యేది కాదని ఆమే మూట భుజాన వేసుకుని, షూటింగు జరిగే పాత గిడ్డంగికి వెళ్ళింది. మీ నెత్తురు మీరే ఉతుక్కోండని మూట అక్కడ పడేసి వెనక్కి తిరిగింది. ఆ తిరిగి వెళ్ళే నడక చూసి డైరెక్టరు చేతిలో టీ కప్పు వదిలేశాడట. అప్పటికే ముందు సీజన్లో ఆయన జాంబీలు తాగుబోతుల్లా తూలాయని పత్రికలు ఏకిపారేస్తున్నాయి. మర్నాటినుంచి ఆమె శవం.

చేరిన వారానికే నడక మాస్టరు దిగాడు. నాట్యం నేర్చిన మనిషి, మెడ కొంగలా నిటారుగా ఉంటుంది. మూడు రోజులు ఆమె వెనకాలే తిరిగి, ఆమె అడుగు పడ్డచోటల్లా సుద్దముక్కతో గీతలు గీసి, ఆ గీతల మీద రెండు వందల మందికి నడక నేర్పాడు. సొమ్మొకడిది, సోకొకడిది. కొత్త సీజన్ టీవీలో వచ్చేనాటికి తెర నిండా రెండు వందల గడియారాలు. ముఖాల మీద అరంగుళం మందాన రబ్బరు, బంక, మట్టి. అసలు గడియారం ఏదో కన్నతల్లి కూడా పోల్చలేదు.

ఇంట్లో ఆడపడుచు ప్రతివారం టీవీకి ముక్కు ఆనించి వెతికేది. వెతికి వెతికి, "ఇంతకీ ఇందులో నువ్వెవరు వదినా? ఆ మూల చెత్తకుండీ నువ్వేనా?" అనేది. బస్సు నడిపే మొగుడు చెల్లెలి మాటకు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగేవాడు. ముప్పై నాలుగు చావులకు ఇంట్లో దక్కిన గౌరవం అది.

అందుకే ఆఖరి భాగం మీద ఆమె ప్రాణాలన్నీ పెట్టుకుంది. కోటలో దాక్కున్న మనుషుల మీదికి రెండు వందల శవాలు రావాలి, అన్నీ కూలిపోవాలి, గేటు దాకా వచ్చేది ఒక్కటే కావాలి. ఆ ఒక్కటీ నువ్వేనని డైరెక్టరు స్వయంగా మాటిచ్చాడు. గేటు దగ్గర పక్కన ఎవరూ ఉండరు, ఇక ఎవరితోనూ కలగలిసే ప్రసక్తి లేదు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, అలాగైతే మెట్ల మీది నాలుగు వాటాల వాళ్ళనూ పిలిచి చూపిస్తానంది ఆడపడుచు. పిలిచేసింది కూడా.

అక్కడ చావుకు ఒక పద్ధతి ఉంది. తుపాకులు ఉత్తవి, పేలవు. ప్రతి శవం మెడ వెనక ఒక నంబరు బిళ్ళ ఉంటుంది. నంబర్లాయన మైకులో జాబితా చూసి నంబరు చదువుతాడు, ఆ నంబరు మనిషి పడిపోవాలి. పిలవకుండా పడితే ఇంటికి పంపేస్తారు. పిలిచినా పడకపోతే ఇంకా తొందరగా పంపేస్తారు. ఆమె నంబరు రెండు వందలు, ఆఖరిది.

ఆ రోజు పొద్దున్న రెండు గంటలు కూర్చుని రబ్బరు ముఖం వేయించుకున్నాక, నడక మాస్టరు వచ్చి ఆమెను నాలుగడుగులు నడవమన్నాడు. నడిచింది. పెదవి విరిచాడు.

"కాస్త ఎక్కువ చేస్తున్నావమ్మా. సహజంగా లేదు."

"ఇది నా కాలు మాస్టారూ."

"కాలు నీదే. పద్ధతి తప్పు."

మెడ వెనక బిళ్ళ తీసి తన శిష్యుడికి తగిలించాడు. జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు. వెళ్ళి ముఖం కడుక్కోమన్నాడు. డైరెక్టరు అప్పటికే క్రేను మీద, కేకేసినా వినబడనంత ఎత్తులో ఉన్నాడు.

ఆమె కుళాయి దాకా వెళ్ళింది, తిప్పలేదు. రబ్బరు కింద చెంపలు మండుతున్నాయి. నలభై ఏళ్ళు వచ్చిన మనిషికి తన కాలు తానే సరిగ్గా ఈడ్వడం రాదట. అప్పుడు ఒక మాట తట్టింది. పిలిస్తే కదా పడాలి. నంబరే లేనిదాన్ని ఏమని పిలుస్తారు?

వెళ్ళి అందరికంటే వెనక వరసలో నిలబడింది.

ఆ గేటు చెక్కతో మూడు వారాలు కట్టారు. ఒక్కటే ఉంది, ఒక్కసారే తగలబడుతుంది. తేడా వస్తే ఇంకో గేటు లేదు. మూడు కెమెరాలు తిరిగాయి, నిప్పు అంటుకుంది, శవాలు కదిలాయి. నంబర్లాయన వరసగా చదువుకుంటూ పోయాడు. పన్నెండు, నలభై, నూట ఆరు. మనుషులు చెట్టు దులిపితే రాలే కాయల్లా పడ్డారు. రెండు వందలు అనగానే గేటు ముందు శిష్యుడు బోర్లా పడ్డాడు. కోటను కాపాడే కథానాయిక వేషం వేసిన నటి తుపాకి దించింది. కథ ప్రకారం మనుషులు గెలిచారు.

అప్పుడు పొగలోంచి ఒకతి వచ్చింది.

టిక్కు. టక్కు. పడున్న శవాల మధ్య దారి వెతుక్కుంటూ వస్తోంది. చచ్చినవాళ్ళలో ఒకాయన పెదవి కదపకుండా, చెయ్యి చూసి తొక్కక్కా అని వేడుకున్నాడు. నంబర్లాయన జాబితా తిరగేసి, వెనక్కి తిప్పి చూసి, ఈవిడ నంబరెంతని మాస్టరుని అడిగాడు. మాస్టరు కొంగ మెడ మొదటిసారి వంగింది. కొట్టేశామన్నాడు. నటి తుపాకి మళ్ళీ ఎత్తి మీట నొక్కింది. ఎవరూ ఏ నంబరూ చదవలేదు. ఆమె పడలేదు. ఈ నడక నాటకం కాదని నటికి ఏ అడుగులో తెలిసిందో గానీ, నిజంగానే భయపడి వెనక్కి తగ్గింది. క్రేను మీద డైరెక్టరు ఆపమనడానికి చెయ్యెత్తి, అలాగే ఎత్తి ఉంచాడు. గడియారమక్క గేటు దాటి కోట లోపలికి నడిచింది. ఆమె వెనక గేటు కూలింది.

కిందికి దిగొచ్చి డైరెక్టరు అడిగాడు, "నిన్నెవరు నడవమన్నారు?"

"నన్నెవరూ పడమనలేదు సార్."

కథ రాసేవాళ్ళు గగ్గోలు పెట్టారు. వారం రోజులు కత్తిరించి, అతికించి, ఆమె లేకుండా ముగింపు చేద్దామని చూశారు. గేటు బూడిదైంది, ఇంకో ముగింపు ఎక్కడినుంచి వస్తుంది? మళ్ళీ సీజన్‌కు కబురు పెడితే, వస్తాను గానీ బిళ్ళ కట్టుకోనని చెప్పి పంపింది.

ఆఖరి భాగం వచ్చిన సాయంత్రం ముందుగదిలో పద్దెనిమిది మంది ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. తెర మీద శవాలన్నీ కూలాయి. ఆడపడుచు నోరు తెరవబోయింది. పొగలోంచి మొదటి అడుగు వచ్చింది, రెండో అడుగు ఆలస్యంగా వచ్చింది.

"వదినే," అంది ఆడపడుచు, ఎవరితోనూ కాదు.

పక్కవాటా ఆవిడ కళ్ళు మూసుకుంది. గేటు కూలి, తెర నల్లబడి, పేర్లు పైకి పాకాయి. ఆ పేర్లలో గడియారమక్క పేరు లేదు. ఎవరూ కదల్లేదు. టీవీ కట్టేద్దామని ఆమె మూలనుంచి లేచింది. ఒక అడుగు వేసింది. రెండోది ఇంకా వస్తుండగానే, మొగుడితో సహా గదిలో అందరూ కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు.