పోపు గరిటెలో ఓపల్

నా చిన్నప్పుడు, అసలు సిసలైన ఓపల్ రాయిని పోపు గరిటెలో వేయించిన ఘనత నరసరావుపేట మొత్తంలో నాకొక్కదానికే దక్కింది. ఎనభైల మొదట్లో సంగతి, నాకప్పుడు పదకొండేళ్లు. ఆ రికార్డు ఇంతవరకూ ఎవరూ కొట్టలేదనే అనుకుంటున్నాను.

మాది కిరాణా కొట్టు. సరుకును మాట విని కాదు, పరీక్షించి కొనాలని మా ఇంట్లో ఉగ్గుపాలతో నేర్పారు. ఇంగువను మంటలో పెట్టి చూడాలి, అసలుదైతే భగ్గున అంటుకుంటుంది. కారాన్ని నీళ్లలో వేసి చూడాలి, ఇటుకపొడి ఉంటే అడుక్కి దిగుతుంది. అమ్మేవాడు ఎంత గట్టిగా ఒట్టు పెడితే అంత గట్టిగా పరీక్షించాలనేవాడు మా నాన్న.

పక్కింటి అక్క దాచేపల్లిలోని అత్తగారింటి నుంచి పుట్టింటికి వచ్చేసి ఏడాదయింది. మొగుడికి అనుమానం. దారిన పోయే లారీ క్లీనరు మంచినీళ్లడిగితే ఇచ్చినా అనుమానమే. ఇక్కడికొచ్చి జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. ఆ డబ్బుతో తనకంటూ మొదటిసారి ఒక వస్తువు కొనుక్కోవాలనుకుంది. జైపూరు నుంచి వచ్చిన రాళ్లవాడొకడు వెండి కొట్టు అరుగు మీద నల్లగుడ్డ పరిచి కూర్చుంటే, అతని దగ్గర ఓపల్ పొదిగిన వెండి ఉంగరం చూసి, బేరానికి నన్ను వెంటబెట్టుకెళ్లింది.

పాలమీగడ రంగు రాయి. అటూ ఇటూ తిప్పితే లోపల ఆకుపచ్చా ఎరుపూ మెరిసి మాయమవుతున్నాయి. డెబ్భై ఐదన్నాడు. బస్తా తూకంలో గోతాం తరుగు తీసినట్టు రాయి బరువు తీసేసి, ఉత్త వెండికే లెక్క కట్టమన్నాను. అతను నెత్తి కొట్టుకుని నలభై ఐదుకు దిగాడు. ఉంగరం చేతికిస్తూ, ఈ రాయిలో నీళ్లుంటాయి పాపా, మంట దగ్గరికి పోనివ్వొద్దన్నాడు.

"రాయిలో నీళ్లేంది? పాలల్లో కలిపేవాళ్లను చూశాం గానీ!" అన్నాను. అక్క పడీ పడీ నవ్వింది.

నాకు మాత్రం ఆ మాట లోపల తొలుస్తూనే ఉంది. మంట వద్దన్నాడంటే మంటలో దొరికిపోయే సరుకన్నమాట! మర్నాడు అక్క కుట్టుపని చేస్తూ ఉంగరం తీసి మిషన్ మీద పెట్టింది. తుడిచి తెస్తానని తీసుకెళ్లి, మా వంటింట్లో కిరసనాయిలు స్టవ్ వెలిగించి, పోపు గరిటెలో వేసి పట్టుకున్నాను. ఆవగింజ పేలినట్టు టిక్కుమంది. రాయి ఈ అంచు నుంచి ఆ అంచుకు చీలింది. సరుకు అసలుదేనని తేలింది.

అక్క తిట్టలేదు. ఎందుకు చేశావని అడిగింది. అసలుదో కాదో చూద్దామని, అన్నాను.

"నేను చూసే కొనుక్కున్నా గదే. మళ్లీ నువ్వు చూసేదేంది?" అని, ఉంగరం తీసుకుని వేలికి పెట్టుకుంది.

పగిలిన రాయి ఇంటికి అరిష్టమని వాళ్లమ్మ గోలపెట్టింది. ఆదివారం దాచేపల్లి నుంచి పెద్దమనుషులు వస్తున్నారు, పిల్లను తిరిగి తీసుకెళ్తామని కబురంపారు, ఆ లోపైనా తీసి పారెయ్యవే అని బతిమాలింది. అక్క తియ్యలేదు.

ఆదివారం వచ్చినవాళ్లకు గోళీ సోడాలు మా కొట్టు నుంచి నేనే మోసుకెళ్లాను. అక్క మొగుడి పెదనాన్న మాట కలిపాడు.

"మావాడు ఆర్నెల్లు చూస్తాడంటమ్మా. నీ నడత బాగుంటే ఇంక ఏ గొడవా లేదు." అని, సోడా అందిస్తున్న అక్క చెయ్యి చూశాడు. "ఆ పగుల్రాయేంది వేలికి?"

ఇదిగో ఈ పిల్లే చేసిందని అక్క ఒక్క మాటంటే ఆ పూట మా నాన్న నా వీపు చీరేసేవాడు.

"మంట మీద పెట్టి పరీక్ష చేశారు మామయ్యా. అసలుదేనని తేలింది. తేలి ఏం లాభం, పగిలిందిగా" అంది అక్క. "నన్నూ నాలుగేళ్లు చూశారు. ఇంకో ఆర్నెల్లు చూపించుకోను. నేను రాను."

"ఎవరమ్మా ఆ పని చేసింది?"

"ఎవరైతే ఏంది. సోడా తాగండి, గ్యాసు పోతంది."

తాగి, బస్సెక్కి వెళ్లిపోయారు. వాళ్లమ్మ ఏడ్చింది. వీధి వీధంతా చానా రోజులు నోళ్లు నొక్కుకుంది. అక్క అదే చేత్తో, అదే ఉంగరంతో, నోళ్లు నొక్కుకున్నవాళ్ల జాకెట్లే కుట్టింది.

ఇప్పటికీ నేను బండి దగ్గర ఆగితే కూరగాయలవాడు ముందే దండం పెడతాడు. ఇంగువ మంటలో పెట్టి చూసే కొంటాను. కోడలు ఇంటికి ఆలస్యంగా వస్తే ఎక్కడికెళ్లావని అడగాలని నాలుక దురదపెడుతుంది. అడగను. అన్నం పెడతాను.

ఇక ఆ వారం బిల్లు, తూకం సరిగ్గా వేసి చెబుతున్నాను. బేరంలో ముప్పై రూపాయలు మిగిల్చింది నేను. నలభై ఐదు రూపాయల ఉంగరంలో రాయిని పగలగొట్టిందీ నేనే. రాయి అక్కది, పడ్డ మాటలు అక్కవి. ఆ పెద్దమనుషులు తాగిన ఆరు సోడాల డబ్బులు కూడా, పైసా తగ్గించకుండా, అక్క దగ్గరే వసూలు చేసుకొచ్చాను.