ఎడమవైపు సలాం

మొన్న మా కోడలు హాల్లో గోడమీద ఒక కెమెరా పెట్టించింది. "పనివాళ్ళు వచ్చిపోతుంటారు కదండీ అత్తయ్యా, భద్రంగా ఉంటుంది" అని మర్యాదగానే చెప్పింది గాని, పనిమనిషి వంటింటి గుమ్మం దాటి ఇవతలికి రాదు, హాల్లో రోజంతా కూర్చునేది నేనొక్కదాన్నే, మరి ఆ కన్ను ఎవరిమీద వేసినట్టు? నా బుద్ధే అంత లెండి, మజ్జిగ పల్చనైతే నీళ్ళెవరు కలిపారా అని ఆలోచిస్తాను. ఈ అనుమానం జబ్బు నాకు పుట్టుకతో రాలేదు, అమలాపురం కాపురానికొచ్చిన ఆరో నెలలో అంటుకుంది. అదెలాగో నా ఈడువాళ్ళకి చెబితే అర్థమవుతుంది.

నేను కొత్తపేట పిల్లని. పెళ్ళైన రెండో నెలకే మా ఆయన కువైట్ వెళ్ళిపోతే ఇంట్లో అత్తగారూ నేనూ మిగిలాం. రాజోలులో ఇచ్చిన ఆడపడుచు అప్పుడప్పుడూ వచ్చి వారం రోజులుండి వెళ్ళేది. అత్తగారికి మామగారు చేయించిన ఫిరోజా రాయి ఉంగరం ఒకటుండేది, ఆయన పోయాక అదే ఆవిడ ప్రాణం. నమాజుకి ముందు ముఖమూ చేతులూ కాళ్ళూ కడుక్కునే వజూలో ఉంగరం కింద కూడా తడి తగలాలని, దాన్ని తీసి నమాజు చాదరు కొంగున ముడేసుకుని, నమాజయ్యాక మళ్ళీ వేలికి పెట్టుకోవడం ఆవిడకి అలవాటు. ఆడపడుచు రాజోలు వెళ్ళిన మర్నాడు ఆ ఉంగరం కనబడలేదు.

ఇక చూడండి. అత్తగారు తన చాదరు దులిపారు, బియ్యం డబ్బా బోర్లించారు, ఆఖరికి పక్కింటి పిన్నిగారిని పిలిచి ఆవిడ ఎదురుగా నా పెట్టె తెరవమన్నారు. "నీమీద మాట రాకూడదనే గాని, నిన్ను అనుమానించి కాదమ్మా" అన్నారు. ఆమాత్రం తెలియనంత వెర్రిదాన్నా నేను? పెళ్ళిచీరలు మడతమడతా విప్పి చూశారు, దొరకలేదు, దొరకనందుకు నేను మంచిదాన్నీ కాలేదు, పుట్టింటికి చేరేసింది అన్నారు. కూతురొచ్చేదాకా చూసి, తనూ ఎరగనంటే కువైట్‌కి ఉత్తరం రాయించి నన్ను కొత్తపేటలో దింపేస్తామన్నారు. మా అబ్బా సైకిలు మీద ఊరూరూ బట్టలమ్ముకుంటూ పరువుగా బతికే మనిషి, దొంగ అనిపించుకుని నేను ఆ గుమ్మం ఎక్కితే ఆయన మళ్ళీ సైకిలు బయటికి తీయలేడని నా భయం.

ఎవరికి చెప్పుకోను? మాట్లాడితే అతితెలివి అన్నారు, ఊరుకుంటే తప్పు చేసింది గనకే నోరు లేవట్లేదన్నారు. అప్పుడు పట్టుకున్నానండీ నమాజుని. అంతకుముందు చదవలేదని కాదు, అమ్మ తిడుతుందని చదివేదాన్ని. ఆ రోజుల్లో మాత్రం అజాన్ ఎప్పుడు వినబడుతుందా అని చెవులప్పగించి కూర్చునేదాన్ని. సజ్దాలో నుదురు నేలకి ఆనిస్తే నా ముఖం ఎవరికీ కనబడదు, అందులో దొంగతనం వెతికే వీలు ఎవరికీ ఉండదు, ఆ కాసేపూ ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అరబ్బీలో చదవవలసింది చదివేసి, ఆనక దువాకి చేతులెత్తి, నువ్వు చూశావు కదా, నీకు తెలుసు కదా అని తెలుగులోనే ఏడ్చేదాన్ని. చెప్పుకోకుండానే తెలిసినవాడు ఒకడున్నాడు అనుకుంటే గుండెల్లో బరువు దిగి, లేచి వెళ్ళి చేపల పులుసు పెట్టగలిగేదాన్ని. అది చూసి కూడా అత్తగారు, "చేసిందంతా చేసి ఎంత భక్తో చూసేరా" అని పిన్నిగారితో అన్నారు.

అలాగని నేనూ తక్కువ తినలేదు. నేను తీయలేదు, అత్తగారు దాచుకోరు, ఇంక మిగిలిందెవరు? పట్టుకుపోయింది ఆడపడుచేనని రూఢి చేసేసుకున్నాను. వచ్చినప్పుడల్లా నాకు తల దువ్వి పూలు పెట్టేది, ఆ ప్రేమంతా నాటకమేనని మనసులో తిట్టుకున్నాను.

మూడు వారాలకి ఆడపడుచు వచ్చింది. వచ్చీరాగానే సాయంత్రపు అసర్ నమాజు వేళైపోతోందని, పుట్టింట్లో మాత్రమే వాడుకునే తెల్ల చాదరు సంచిలోంచి తీసి కప్పుకుని నా ఎడమపక్కన నిలబడింది, అత్తగారు కుడిపక్కన. నమాజు చివర కుడికీ ఎడమకీ తిరిగి సలాం చెబుతాం కదా, అది భుజాలమీది దేవదూతలకి, ఫరిష్తాలకంటారు, పక్కనున్న మనుషులకి కూడా అంటారు. కుడివైపు చెప్పాను. ఎడమకి తిరిగి, మీకు శాంతి కలగాలి అన్న ఆ మాట పూర్తిచేస్తుండగా, ఆడపడుచు చాదరు కొంగున ఉసిరికాయంత ముడి కనబడింది.

దొరికావే దొంగా అన్న మాట నోటిదాకా వచ్చింది. కాని అదే నోటితో ఆ క్షణమే శాంతి కోరానాయె, సిగ్గేసి నాలుక కదల్లేదు. నేను అలా గుడ్లప్పగించి చూస్తుంటే అత్తగారూ అటే చూశారు. రెండు మెలికలు వేసి బిగించే ఆ ముడి ఇంట్లో ఆవిడకి తప్ప మరెవరికీ రాదు.

"యా అల్లా! ఆవేళ నా చాదరు తడిగా ఉందని నీది కప్పుకున్నానే!" అన్నారు కూతురితో, ముడి విప్పి ఉంగరం బయటికి తీస్తూ.

నన్ను మాత్రం క్షమించమనలేదు, ఆ కాలపు అత్తగార్లు అనరు. అయితే ఆ పిన్నిగారినే పిలిచి, "నా కోడలు తియ్యలేదండీ, నేనే మర్చిపోయేను" అని గట్టిగా చెప్పారు. ఆడపడుచు నన్ను పట్టుకుని, "ఒక్క కబురు పెడితే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా భాభీ" అని ఏడ్చింది. నిన్నే దొంగవనుకున్నానే తల్లీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, తర్వాత ఎప్పుడైనా చెబుదాంలే అనుకున్నాను.

ఆ తర్వాత తను నా పిల్లలకి పురుళ్ళు పోసింది, నా జబ్బుల్లో పక్కన కూర్చుంది. నేను చెప్పనేలేదు. కిందటేడు రాజోలులో పోయింది. అల్లా పట్ల చేసిన తప్పు అల్లా క్షమిస్తాడు గాని, మనిషికి చేసిన అన్యాయం ఆ మనిషే క్షమించాలని చిన్నప్పుడు మౌల్వీగారు చెప్పేవారు. అత్తగారు నన్ను పైకి అన్నారు, అందరిముందూ దిద్దుకున్నారు. నేను లోపల అన్నది నాలోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఇంట్లో ఎవరి గది వారిది, ఎవరి ఫోన్లో అజాన్ వారిది, ముగ్గురు ఆడవాళ్ళం ఒకే చాపమీద భుజాలు తగిలేలా నిలబడే రోజులు పోయాయి. నమాజు ఇప్పటికీ నాకు ఓదార్పే, కుడివైపు సలాం చెప్పేదాకా. ఎడమవైపు తిరిగేసరికి గోడ ఉంటుంది, నేను క్షమించమని అడగవలసిన మనిషి అక్కడ ఉండదు.