నేను చూపించని రెండో బొమ్మ

ఒక బరువును ఏళ్ల తరబడి మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

జ్యేష్ఠ మాసం, శుక్రవారం. హాజరైనవారు: గుండె డాక్టర్‌నైన నేను, యంత్రం దగ్గర టెక్నీషియన్, బల్ల మీద పెద్దవంగర వైపు తాటిచెట్లెక్కి కల్లు తీసే ఎల్లయ్య, అద్దం అవతల అతని భార్య సోమక్క, ఆమె తమ్ముడు. నా డైరీ రోజూ ఇలాగే మొదలయ్యేది. ఆనాడు మాత్రం వాన పడిందని రాసి మూసేశాను.

చెట్టెక్కుతుంటే ఛాతీలో మంటగా ఉందని ఎల్లయ్య మా ఉచిత శిబిరానికి వచ్చాడు. అలాంటివాళ్లను ఆస్పత్రికి పిలిపించి, చేతి నుంచి సన్నని గొట్టం పంపి, గుండె నాళాలను తెర మీద చూసేవాళ్లం. రంగుమందు వదిలితే, నీళ్లలో సిరా విచ్చుకున్నట్టు నాళాలు ఒక్కొక్కటే మెల్లగా తేలుతాయి. ఎన్నేళ్లు చూసినా నాకది నిద్రలో చూస్తున్నట్టే ఉండేది.

గొట్టం కొన తగిలితే నాళం ఒక్కోసారి బెదిరి ముడుచుకుంటుంది. అచ్చం పూడిక లాగే కనబడుతుంది. మొదటి బొమ్మలో ఎల్లయ్య నాళం అలాగే ముడుచుకుంది. మందు ఇచ్చాను, విచ్చుకుంది. రెండో బొమ్మలో ఏ అడ్డూ లేదు.

బంధువులను అప్పుడే లోపలికి పిలిచే పద్ధతి మాది. రోగి బల్ల మీద ఉండగానే తెర చూపించి ఒప్పించాలి; బల్ల దిగితే మనసు మారుతుందని యాజమాన్యం నేర్పింది. స్టెంట్లు తగ్గాయేమని ఆ వారమే అందరి ముందు నన్ను అడిగారు. నా చోటికి నాకంటే చిన్నవాడిని తెస్తామని కూడా అన్నారు.

నేను మొదటి బొమ్మను తెర మీద ఆపాను.

"గిదేనా సారూ, ఆయన గుండె?" అంది సోమక్క, తెర దగ్గరికి వచ్చి.

"ఇదిగో, ఇక్కడ మూసుకుపోయిందమ్మా. స్టెంట్ వెయ్యాలి."

"ఏస్తే మల్ల చెట్టెక్కుతడా?"

"చెట్టు మాట మరిచిపోవాలి."

"చెట్టు ఇడిసిపెట్టి గా మనిషి ఏం జేస్తడు సారూ?"

తమ్ముడు విసుక్కున్నాడు. "బతికుంటే బర్లన్న గాస్తడు. జర ఊకో అక్కా. సారుకన్న నీకు ఎక్వ తెలుసా?"

ఆమె తెర దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

బాగున్న నాళంలో స్టెంట్ వేశాను. చెట్టెందుకు మాన్పించాను? రక్తం పలచబడే మందులు వేసుకునే మనిషి జారితే ప్రమాదమని. అది నిజమే. కానీ ఆ మందుల అవసరం తెచ్చిపెట్టింది నేనే కదా?

నా కుర్చీ నిలిచింది. తర్వాత పెద్ద కుర్చీ వచ్చింది. ఎల్లయ్య చెట్లు వేరేవాళ్లకు పోయాయి. అతను బియ్యం మిల్లు దగ్గర కాపలా కూర్చుంటున్నాడని శిబిరాలకు వచ్చిన ఆ ఊరివాళ్లు చెప్పారు.

ఇప్పుడు పని మానేసి జనగామలో ఉంటున్నాను. మధ్యాహ్నం కునుకు పడితే తాటిచెట్లు కనబడతాయి, బారులు బారులుగా, ఎవరూ ఎక్కని చెట్లు, వాటి మొదళ్ల నుంచి నల్లటి సిరా చాలా నెమ్మదిగా పైకి పాకుతూ ఉంటుంది, అది చెట్టు తలలోని మొవ్వును అందుకునేలోపు మెలకువ వస్తుంది.

తెలియక చేశానా? కాదు. భయపడ్డానా? అవును, నా కోసం. వెళ్లి ఎల్లయ్యకు చెప్పొచ్చు కదా? 'అప్పుడు నీ గుండె బాగానే ఉందయ్యా' అని ఈ వయసులో చెబితే, ఆ మాటను పెట్టుకుని అతనేం చేసుకుంటాడు అనుకుంటాను. ఇలా అనుకోవడం అతని మీది జాలో, నా పిరికితనమో, ఎన్నిసార్లు తరచి చూసుకున్నా తేల్చుకోలేకపోయాను. పిరికితనమే అయి ఉంటుంది.

స్టెంట్ వేసిన మర్నాడు ఉదయం వార్డుకు వెళ్లాను. ఎల్లయ్య లేచి కూర్చోబోతే వద్దన్నాను. సోమక్క అతని పాదాలు ఒత్తుతోంది.

"రాత్రి కలల చెట్టెక్కిన సారూ," అన్నాడు మెల్లగా. "తప్పా?"

"కలలో ఎక్కొచ్చు," అన్నాను.

అతను నవ్వాడు. సోమక్కా నవ్వింది. వాళ్లతో పాటు నేనూ నవ్వి, ఇంటికి పంపొచ్చని సంతకం పెట్టాను.

ఆ నవ్వు సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.